మందు మానితే ఒంట్లో ఏది ఎన్నాళ్లకి మారుతుంది? (వైజాగ్ చర్చ)

మర్రిపాలెం_79
మందు మానితే మంచిదని చెప్పని వాళ్లు లేరు. వరస మాత్రం ఎవరూ చెప్పరు. మొదటి వారంలో ఏం మారుతుంది, నెలకి ఏది, మూడు నెలలకి ఏది? పది రోజులయ్యేసరికి "ఏటీ తేడా లేదు, ఉన్న నిద్ర కూడా పోయింది" అని మళ్లీ వైన్ షాపుకి వెళ్లేవాళ్లు చాలామంది. తెలిసినవాళ్లు లెక్కలతో రాయండి. సొంత కథలు వద్దు, ఇంకొకరికి పనికొచ్చేదే కావాలి.

చినవాల్తేరు_సిస్టర్
వరస కంటే ముందు ఒక మాట. రోజూ క్వార్టరు, అంతకు మించి తాగేవాళ్లు, పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే గానీ చేతి వణుకు ఆగనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. మందు ఏళ్ల తరబడి మెదడుని జోకొడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు తీసేస్తే ఆ వేగమే మిగులుతుంది. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ భయం మొదటి 48 గంటల్లో ఎక్కువ. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు, లేని పురుగుల్ని ఒంటి మీద నుంచి దులుపుకుంటున్నా, ఇంట్లోవాళ్లని పోల్చుకోలేకపోతున్నా అది గాలీ కాదు, ధూళీ కాదు. ప్రాణం మీదకొచ్చే స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంకో తప్పు వీధి చివర జరుగుతుంటుంది. మనిషి నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కించేస్తారు. బాగా తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజు ఖర్చవడానికి ఆ బీ1 కావాలి. ఉన్న కాస్తా అందులో పోతే మెదడు దెబ్బతింటుంది: చూపు తేలిపోవడం, నడక తూలడం, జ్ఞాపకం పోవడం. అంచేత ముందు థయామిన్, ఆ తర్వాతే గ్లూకోజు. ఆసుపత్రిలో ఈ మాట ఇంట్లోవాళ్లు గుర్తుచేసినా తప్పులేదు.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో సైకియాట్రీ ఓపీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇల్లు కదలలేకపోతే ఫోన్లో మానసిక ఆరోగ్య సాయానికి టెలీమానస్ 14416, వ్యసన విముక్తికి 14446. ఏదో ఒకటి ఇవాళే ఫోన్లో సేవ్ చేసుకోండి.

గాజువాక_ల్యాబ్
పరీక్షల సంగతి నేను రాస్తాను. మందు ఆపిన సంగతి కాగితం మీద ముందుగా చూపించేవాటిలో జీజీటీ అనే లివర్ ఎంజైము ఒకటి. కొన్ని చోట్ల ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్షల) ప్యాకేజీలో ఇది ఉండదు, విడిగా అడిగి రాయించుకోవాలి. ఆపాక రెండు నుంచి ఆరు వారాల్లో బాగా దిగుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు కూడా వారాల్లోనే తగ్గుతాయి. ఎస్‌జీఓటీ రెండో దానికి రెట్టింపు దాటి ఉంటే డాక్టరు ముందు అనుమానించేది మందునే.

సీబీపీ (రక్తకణాల పరీక్ష) కాగితంలో ఎంసీవీ అని ఒక వరస ఉంటుంది, చాలామంది చూడకుండా మడిచేస్తారు. అది ఎర్రకణం సైజు. బాగా తాగేవాళ్లలో 100 దాటిపోవచ్చు. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. పాత కణాలు పోయి కొత్తవి రావాలి కాబట్టి ఎంసీవీ దారికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. నెలకే చూసుకుని నిరాశపడొద్దు. ప్లేట్‌లెట్లు అలా కాదు, మందు వల్లే తగ్గి ఉంటే వారం రెండు వారాల్లో లేస్తాయి. డెంగీ రోజుల్లో ఈ రెంటికీ గందరగోళం పడతారు, తాగే అలవాటు ఉన్నమాట డాక్టరుకి దాచొద్దు.

ఫ్యాటీ లివర్ మందు వల్ల వచ్చిందయితే ఆపిన కొన్ని వారాల్లోనే కొవ్వు కరగడం మొదలవుతుంది. సిర్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడటం) దాకా వెళ్లిన లివర్ మళ్లీ మామూలు అవదు. అయినా ఆపితే ఉన్నది నిలబడుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. "ఎలాగూ పోయిందిగా" అని తాగడం అన్నిటికంటే పెద్ద తప్పు.

మర్రిపాలెం_79
ల్యాబ్ అన్నా, ఎప్పుడెప్పుడు చేయించాలి?

గాజువాక_ల్యాబ్
మానే వారంలో ఒకటి, ఆరు వారాలకి ఒకటి, నాలుగు నెలలకి ఒకటి. మూడూ ఒకే ల్యాబులో. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) కూడా చూడాలంటే పరగడుపున రండి. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకి వాటివల్ల కూడా జీజీటీ ఎక్కువే చూపిస్తుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు.

సీ_షిఫ్ట్
సీసాలో ఏముందో లెక్క కట్టి చూద్దాం. లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మి.లీ. క్వార్టరులో 77 మి.లీ. అసలు ఆల్కహాలు, బరువు 61 గ్రాములు. గ్రాముకి 7 కేలరీలు, అంటే ఇంచుమించు 425. ఏడెనిమిది ఇడ్లీలంత. పైగా మంచింగ్‌కి తెచ్చిన చికెన్ పకోడీ, మిక్చర్ వేరు. ఆల్కహాలు ఒంట్లో ఉన్నంతసేపు లివర్ ముందు దాని పనే చూస్తుంది, కొవ్వు కరిగించే పని పక్కన పడుతుంది. పొట్ట అందుకే పెరుగుతుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో కూడా 41 గ్రాములుంటుంది. "బీరే కదా" అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేస్తుంది. క్వార్టరు తీరడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు. రాత్రి 11కి ముగించినవాడికి పొద్దున 6 గంటల ఏ షిఫ్టుకి గేటు దాటేటప్పుడు ఇంకా రక్తంలో ఉండే అవకాశం ఉంది. నిమ్మరసం, కాఫీ, తలస్నానం ఏవీ దీన్ని తొందరపెట్టవు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ హద్దు 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మానినవాడికి మొదటి రోజు నుంచే దక్కే లాభం ఇది, క్రేన్ కింద నిలబడేవాడికి మరీ.

ఎంవీపీ_సెక్టార్4
నిద్ర గురించి ముందే తెలియకపోవడం వల్లే చాలామంది వెనక్కి వెళ్తారు. మందు తొందరగా నిద్రపుచ్చుతుంది గానీ కలలొచ్చే నిద్రని రాత్రి మొదటి సగంలో నొక్కేస్తుంది, దిగేటప్పుడు రెండు మూడు గంటలకి లేపేస్తుంది. ఆపగానే ఆ నొక్కిన కలలన్నీ ఒక్కసారి పైకొస్తాయి. ఒకటి రెండు వారాలు తెగి తెగి నిద్ర, భయంకరమైన కలలు, తడిసిన దిండు. ఇది చెడిపోవడం కాదు, సర్దుకోవడం. మూడు నాలుగు వారాలకి తేడా తెలుస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. గురక మాత్రం ముందుగానే తగ్గుతుంది, పక్కన పడుకున్నవాళ్లని అడగండి.

మధ్యాహ్నం మూడు తర్వాత టీ, కాఫీ ఆపాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్ర కొనొద్దు, ఒకటి పోయి ఇంకొకటి అలవాటవుతుంది. తెల్లారి బీచ్ రోడ్డులో నడిచి ఎండ మొహాన పడేలా చూసుకుంటే ఒంటి గడియారం త్వరగా దారిలో పడుతుంది. మన ఉక్కపోతకి చెమట ఎక్కువ పోతుంది కాబట్టి మొదటి వారం ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లకి, గ్లాసుకి కాదు.

బీపీ కొన్ని వారాల్లో దిగుతుంది. మాత్ర మీరే తగ్గించుకోకుండా, వారం పాటు రోజుకి రెండుసార్లు చూసి రాసుకున్న కాగితం డాక్టరుకి చూపించండి. దిగులు కూడా రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి దానంతటదే పలచబడుతుంది. తగ్గకపోతే దానికి వేరే వైద్యం ఉంది.

కంచరపాలెం_రైతుబజార్
అసలు పరీక్ష సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా నాలుక లాగుతుంది. ఎక్కువసార్లు అది ఆకలే. ఆరింటికే పొట్ట నింపాలి: పెసరట్టు, ఉడకబెట్టిన వేరుశనగ, గుగ్గిళ్లు, పల్చటి మజ్జిగ. తీపి మీద మనసు పోతుంది, మొదటి నెల అది మామూలే. షుగరు లేనివాళ్లు ఒక అరటిపండు తింటే చాలు. షుగరు మాత్రలు వాడేవాళ్లు మొదటి వారాల్లో మామూలు కంటే ఎక్కువసార్లు షుగరు చూసుకోవాలి.

లాగుడు అల లాంటిది, ఇరవై ముప్పై నిమిషాల్లో విరుగుతుంది. ఆ సమయానికి చేతికి పని ఉండాలి. ఇంటికొచ్చే దారిలో వైన్ షాపు ఉంటే మూడు వారాలు వేరే దారి పట్టండి, కిలోమీటరు చుట్టయినా సరే. జీరో బీరు (ఆల్కహాలు లేనిది) మొదట్లో వద్దు, ఆ సీసా, ఆ వాసన పాత కోరికని లేపుతాయి.

చినవాల్తేరు_సిస్టర్
గోడల మీద "తెలియకుండా అన్నంలో కలపండి" అని ప్రకటనలు ఉంటాయి. అక్కచెల్లెళ్లారా, దయచేసి ఆ పని చేయొద్దు. అలాంటి పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. మందు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదకి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. అది తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి ఇవ్వాల్సిన మాత్ర. అది వాడేవాళ్లు ఆయుర్వేదపు అరిష్టాలు, ఆసవాలు, కొన్ని దగ్గు టానిక్కులకి కూడా దూరంగా ఉండాలి, వాటిలోనూ ఆల్కహాలు ఉంటుంది. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే నాల్ట్రెక్సోన్ ముందు ఆ సంగతి చెప్పాలి.

అక్కయ్యపాలెం_లెక్కలు
డబ్బు: రోజుకి క్వార్టరు 150, మంచింగ్ 80 అనుకుందాం. ఏడాదికి 83,950. అది చేతిలో ఉంటే ఎటు పోతుందో తెలియదు, మానిన రోజే పోస్టాఫీసులో ఆర్‌డీ తెరవండి.

క్యాన్సరు మాట ఎవరూ ఎత్తలేదు. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్లకి రొమ్ము. మద్యాన్ని క్యాన్సరు కారకంగా 1988లోనే ప్రకటించారు. గుట్కా, సిగరెట్టు తోడైతే నోరు, గొంతుకి ముప్పు ఎన్నో రెట్లు. ఇది మానగానే పోదు, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది.

మర్రిపాలెం_79
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న, పెళ్లిళ్లలో ఏం చేయాలి?

కంచరపాలెం_రైతుబజార్
బండి మీద విడిగా వెళ్లండి, కారులో నలుగురితో ఇరుక్కోవద్దు, తాళం మీ జేబులోనే ఉండాలి. చేతిలో గ్లాసు ఖాళీగా ఉంచొద్దు తమ్ముడూ, నిమ్మసోడా పట్టుకుంటే అడిగేవాళ్లు సగానికి తగ్గుతారు. అడిగితే "మాత్రలు వాడుతున్నాను" చాలు, వివరం చెప్పక్కర్లేదు. భోజనాల్లో మొదటి బంతిలోనే కూర్చోండి. తిని, తాంబూలం తీసుకుని బయల్దేరితే ఎవరూ ఏమీ అనుకోరు. సిట్టింగ్ మొదలయ్యేది ఆ తర్వాతే.