పాత డెస్క్‌టాప్‌కి బయోస్ అప్‌డేట్ కొట్టాలా, వదిలేయాలా? (హెచ్81 బోర్డు, డీటీపీ సిస్టమ్)

అరండల్‌పేట డీటీపీ
నమస్తే అండీ. గుంటూరులో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. సిస్టమ్ 2013 చివర్లో కట్టించింది. హెచ్81 మదర్‌బోర్డు, ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 7. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ ఇందులోనే కుదురుకున్నాయి కాబట్టి కొత్తది కొనే ఆలోచన లేదు. ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే మాత్రం నీరసపడిపోతోంది. అందుకని పాత ఐ5 ఒకటి వేద్దామనుకుంటున్నా. బెజవాడ గవర్నర్‌పేటలో ఒకాయన దగ్గర ఐ5-4590 ఉందట. ఆయన "ముందు బయోస్ అప్‌డేట్ కొట్టించండి" అన్నాడు. బయోస్ అంటే బోర్డు మీద చిప్‌లో ఉండి, సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్ అట. మా దగ్గర రిపేరు చేసే కుర్రాడేమో "నడుస్తున్న బోర్డుని కెలకొద్దు సార్" అంటున్నాడు. కంపెనీ సైట్లో ఆఖరి బయోస్ 2018ది ఉంది. పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ వెనక్కి పోయి ఎఫ్1 నొక్కమంటోంది, అది వేరే సంగతి. యూపీఎస్ బ్యాటరీ పోయింది, ప్రస్తుతం షాపు ఇన్వర్టర్ మీదే నడిపిస్తున్నా. ముహూర్తాల సీజను, సిస్టమ్ పడుకుంటే నా పని గోవిందా. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

పటమట పిల్లోడు
విండోస్ 7తో ఇంకా నెట్ వాడుతున్నారా సార్?! 2020 జనవరి 14తోనే దానికి సపోర్ట్ ఆగిపోయింది. బయోస్ సంగతి తర్వాత, ముందు 11 వేయించండి.

కొరిటెపాడు మేష్టారు
నాలుగో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 ఏమిటి నాయనా? ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే దాని జాబితా మొదలవుతుంది, పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది. బయోస్ మార్చినంత మాత్రాన ప్రాసెసర్ తరం మారదు కదా. డీటీపీ గారూ, మీ తేదీ సమస్యకి బయోస్‌తో పని లేదు. బోర్డు మీద తేదీని, సెట్టింగులని నిలబెట్టే రూపాయి బిళ్ళంత సెల్ ఉంటుంది, సీఆర్2032. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. అది మార్చండి చాలు.

బెజవాడ బ్యాటరీ
ఇన్వర్టర్ మీద బయోస్ అప్‌డేటా!! దండం పెడతా, ఆ పని చేయకండి. నాకు బ్యాటరీల వ్యాపారం, ఇలాంటివి రోజూ చూస్తుంటా. ఇంటి ఇన్వర్టర్ వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క యూపీఎస్, ఇంకో పక్క నార్మల్ లేదా ఎకో. నూటికి తొంభై ఇళ్ళలో అది నార్మల్లోనే ఉంటుంది, ఎవడూ చూడడు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాన్‌కి తేడా తెలియదు, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. ఫ్లాష్ (చిప్ మీద కొత్త బయోస్ రాయడం) మధ్యలో రీస్టార్ట్ అయితే ఇక చెప్పేదేముంది.

చిప్‌లెవెల్ మాస్టర్
పైన బ్యాటరీ తమ్ముడు అనవసరంగా భయపెడుతున్నాడు. 98 నుంచి ఈ ఫీల్డ్‌లో ఉన్నా. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ పేలిన రోజు నా టేబుల్ మీద బయోస్ చెరిగిపోయిన బోర్డులు గుట్టలుగా పడ్డాయి, అన్నీ లేపాను. హెచ్81 నాటి డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ ఎనిమిది కాళ్ళతో సాకెట్లో కూర్చుని ఉంటుంది. ఫ్లాష్ పోతే చిప్ పీకి ప్రోగ్రామర్ (చిప్ రాసే పరికరం)లో పెట్టి మళ్ళీ రాసుకోవడమే. భయమెందుకు? ధైర్యంగా కొట్టేయండి.

బెజవాడ బ్యాటరీ
మాస్టరుగారూ, అది మీకు ఓకే. ఆయన శుభలేఖలు వేసుకునే మనిషి, చిప్ పీకి ఎక్కడ పెట్టుకుంటాడు?

రైజెన్ రాజా
ఇంటెల్ వాళ్ళకి ఎప్పుడూ ఇదే గోల. నాది ఏఎండీ, ఏ320 బోర్డు, ముందు రైజెన్ 1200 ప్రాసెసర్ ఉండేది. 2022లో 5000 సిరీస్‌కి బయోస్ ఇచ్చారు, కొట్టా, 5600 పెట్టా, నడుస్తోంది. అదే బోర్డు, అదే ర్యామ్. మీ హెచ్81లో ఇలా ఒకటో తరం నుంచి నాలుగో తరానికి దూకగలరా? ఒక్కటే జాగ్రత్త, కొన్ని బోర్డుల్లో చిప్ 16 ఎంబీయే కాబట్టి కొత్త బయోస్‌లో పాత ఏపీయూల (లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ల) సపోర్ట్ తీసేశారు. కొట్టాక పాత ప్రాసెసర్‌తో ఆన్ కాకపోతే బోర్డు పోయిందని ఏడవకండి.

లబ్బీపేట లక్కీ
@బెజవాడ బ్యాటరీ నార్మల్ మోడ్ అయినంత మాత్రాన రీస్టార్ట్ అయి తీరుతుందని ఎలా చెప్తారు? మా ఇంట్లో నార్మల్లోనే ఉంది, పీసీ ఎప్పుడూ ఆగలేదు. మంచి ఎస్‌ఎంపీఎస్ (పీసీ లోపలి పవర్ సప్లై) అయితే ఆ కాసేపు తనే లాక్కొస్తుంది.

బెజవాడ బ్యాటరీ
ఎంతసేపు లాక్కొస్తుంది? ఏటీఎక్స్ (పవర్ సప్లైల ప్రమాణం) లెక్క ప్రకారం 16, 17 మిల్లీసెకన్లు. అదీ కొత్తగా ఉన్నప్పుడు. 2013 నాటి ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, అందులో సగం కూడా గ్యారంటీ లేదు. యూపీఎస్ మోడ్లో ఇన్వర్టర్ సాధారణంగా 180 నుంచి 260 వోల్టుల మధ్యే లైన్ కరెంటు తీసుకుంటుంది, దాటితే వెంటనే బ్యాటరీకి మారుతుంది. నార్మల్లో 100 వోల్టులకి పడిపోయినా అదే లైన్ మీద లాగుతూ ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఆన్ అయినప్పుడు మీ వీధిలో మీటర్ పెట్టి చూసుకోండి, తెలుస్తుంది.

లబ్బీపేట లక్కీ
ఫ్లాష్ అయ్యేది రెండు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే కరెంటు పోవాలా? ఇంత ఆలోచిస్తే బండెక్కి బెంజ్ సర్కిల్ కూడా దాటలేం.

బెజవాడ బ్యాటరీ
నీది ఖాళీ పీసీ బాబూ, పోతే ఇంకోటి కొనుక్కుంటావ్. ఆయనకి అదే అన్నం పెడుతోంది. మాట్లాడేముందు కాస్త ఆలోచించు.

లబ్బీపేట లక్కీ
"ఖాళీ పీసీ" ఏంటండీ? నేను ఎడిటింగ్ చేసుకుంటా దాని మీద. బ్యాటరీలు అమ్ముకునేవాడు బ్యాటరీ కొనమనే చెప్తాడు, తెలిసిందేగా.

సింగ్ నగర్ 54
ఇన్వర్టర్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఇన్వర్టర్‌ని, సీపీయూని రెంటినీ నేల మీద పెట్టొద్దు. 2024 సెప్టెంబర్లో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో మంచం మీదికి నీళ్ళెక్కాయి. సీపీయూ మొత్తం బురద. హార్డ్‌డిస్క్‌లో మా నాన్నగారి ఫొటోలున్నాయని బోర్డుతో సహా ఒక షాపుకిస్తే, "బయోస్ పోయింది, రాయాలి" అని డబ్బులు తీసుకుని వేరే బోర్డు చేతిలో పెట్టారు. మాది నీలం బోర్డు, వాళ్ళిచ్చింది గోధుమరంగు. అడిగితే "నీళ్ళలో నాని రంగు మారింది" అన్నారు. బోర్డు బయటికి ఇచ్చేముందు సీరియల్ నంబర్ స్టిక్కర్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి.

పటమట పిల్లోడు
రంగు మారిందా 😂😂 అమ్మో.

చిప్‌లెవెల్ మాస్టర్
అందరూ అలా ఉండరు. అసలు పనిమంతుడు చిప్‌లో ఉన్నది ఉన్నట్టు ముందు చదివి దాచిపెడతాడు. సైట్లో దొరికే ఫైలుని నేరుగా చిప్ మీద రాస్తే నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్ (గుర్తింపు నంబర్), సీరియల్ ఎగిరిపోయే బోర్డులున్నాయి. ఇది ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు. ఆన్‌లైన్లో చవగ్గా సీహెచ్341ఏ ప్రోగ్రామర్ కొని క్లిప్ పెట్టి మొదలెట్టేస్తారు.

తెనాలి టెక్
ఆ నల్ల సీహెచ్341ఏలో ఇంకో గొడవుంది మాస్టరూ. 3.3 వోల్టుల చిప్‌కి డేటా పిన్నుల మీద 5 వోల్టులు పంపుతుంది. చాలామందికి పనిచేసేస్తుంది, పోయినవాడికి మాత్రం చిప్ పోతుంది. మీ సలహా విని రేపు డీటీపీ గారు అది కొంటే బాధ్యత ఎవరిది?

చిప్‌లెవెల్ మాస్టర్
కొనమని నేనెక్కడన్నాను? చదవడం నేర్చుకో ముందు. నా అనుభవమంత లేదు నీ వయసు.

కొరిటెపాడు మేష్టారు
వయసుల దాకా పోకండి. నాకు అరవై దాటాయి, నేనేమైనా అంటున్నానా?

గుణదల గేమర్
అప్‌డేట్ చేయకపోతే ఏం కాదనేవాళ్ళు ఇంటెల్ 13, 14 తరాల సంగతి మర్చిపోయారా? వోల్టేజ్ ఎక్కువై చిప్‌లు పాడవుతుంటే 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి తీరుని సరిచేసే కోడ్) బయోస్ ద్వారానే ఇచ్చారు. మా ఫ్రెండ్ లేటు చేశాడు, ప్రాసెసర్ పోయింది. బయోస్ వచ్చిన రోజే కొట్టాలి. ఎవరిదైనా, ఏదైనా.

తెనాలి టెక్
"ఏదైనా" అనకు బ్రో. 2018 జనవరిలో స్పెక్టర్ (ప్రాసెసర్లలో బయటపడ్డ సెక్యూరిటీ లోపం) హడావుడిలో వచ్చిన మైక్రోకోడ్ వేసుకున్న హాస్వెల్ (ఇంటెల్ నాలుగో తరం) సిస్టమ్‌లు వాటంతటవే రీబూట్ అవుతుంటే, అది ఇవ్వడం ఆపమని ఇంటెల్ వాళ్ళే ఆ నెలలో చెప్పారు. సరిచేసినవి తర్వాత వచ్చాయి. డీటీపీ గారిది కూడా హాస్వెలే, సైట్లో ఉన్నదీ 2018దే. నెల చూసి వేసుకోవాలి. వచ్చిన రోజే కొట్టినవాళ్ళే అప్పుడు ఇరుక్కున్నారు.

మంగళగిరి మహి
అన్నా, జూన్ 2026 తర్వాత సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు అయిపోతాయంట, పాత పీసీలు అసలు ఆన్ కావంట, వాట్సాప్‌లో వచ్చింది. బయోస్ అప్‌డేట్ అందుకే చేయాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

తెనాలి టెక్
గడువు మాట నిజం, ఆన్ కావన్నది అబద్ధం. సెక్యూర్ బూట్ అంటే పీసీ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు. దానివి 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు, 2026 జూన్ నుంచి ఒక్కోటీ గడువు తీరుతుంది. అయినా పీసీ ఎప్పట్లాగే ఆన్ అవుతుంది. బూట్‌కి సంబంధించిన కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం అందవు. డీటీపీ గారి విండోస్ 7కి సెక్యూర్ బూటే లేదు కాబట్టి ఆయనకి అసలు పట్టింపే లేదు.

బెజవాడ బ్యాటరీ
@లబ్బీపేట లక్కీ నిన్న రాత్రి మా షాపు టెస్ట్ బెంచ్ మీద రెండు మోడ్‌లలోనూ ప్లగ్ పీకి చూశా. నార్మల్లో పీసీ ఆగిపోయింది. వీడియో కావాలా?

లబ్బీపేట లక్కీ
మీ షాపు, మీ బెంచ్, మీ ఇన్వర్టర్. సంతోషం.

నిర్వాహకుడు
ఇన్వర్టర్ గొడవకి విడిగా చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఇంకో పోస్టు వస్తే తీసేస్తా.

నిడమర్రు
అందరూ ఇంత రాశారు గానీ, డీటీపీ గారు వేయబోయే ప్రాసెసర్ నంబర్ ఒక్కరూ చూసినట్టు లేరు. 4590 అంటే 2014 వేసవిలో వచ్చిన హాస్వెల్ రిఫ్రెష్, అంటే నాలుగో తరంలోనే తర్వాతి విడత. 2013 చివర్లో కొన్న హెచ్81 బోర్డులో 2013 నాటి బయోసే ఉంటే, ఆ చిప్ పెట్టాక ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాకపోవచ్చు. గవర్నర్‌పేట ఆయన చెప్పింది ఇందుకే, ఆయన మాటలో తప్పు లేదు. అప్‌డేట్ కొట్టేదైతే ఐ3 బోర్డు మీద ఉండగానే కొట్టాలి, ఆ తర్వాతే ఐ5 పెట్టాలి. ముందే ఐ5 పెట్టి తెర రావట్లేదని బోర్డు మోసుకుని షాపులకి తిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంకో దారి కూడా ఉంది. 4590 బదులు 4570 అడగండి. అది 2013 జూన్‌లోనే వచ్చింది, మొదటి బయోస్‌లతోనే నడుస్తుంది. 4570ది 3.2 గిగాహెర్ట్జ్, 4590ది 3.3. రెండూ నాలుగు కోర్లే, 84 వాట్లే, సాకెట్ కూడా అదే. మీ ఫ్లెక్సీ ఫైళ్ళకి ఆ 0.1 తేడా అస్సలు తెలియదు. కంపెనీ సైట్లో మీ బోర్డు పేజీలో సీపీయూ (ప్రాసెసర్) సపోర్ట్ జాబితా తెరవండి. ఒక్కో ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబర్ కూడా సరిచూసుకోండి, 1.0కి 2.0కి ఫైళ్ళు వేరు.

ఏ దారైనా సరే, సెల్ మార్చేముందు బయోస్‌లో ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా సాటా మోడ్, అంటే బోర్డు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఐడీఈయా ఏహెచ్‌సీఐయా అన్నది. మీ విండోస్ 7 ఐడీఈ మోడ్లో ఇన్‌స్టాల్ అయి ఉండి, సెల్ తీయగానే సెట్టింగులు ఏహెచ్‌సీఐకి మారిపోతే, బూట్ అవుతూ అవుతూ నీలం తెర పడుతుంది, కింద 0ఎక్స్7బీ అని కనిపిస్తుంది. అక్కడ కంగారుపడి ఫార్మాట్ కొట్టించుకుంటారు, అను ఫాంట్లు, లేఔట్లు అన్నీ పోతాయి. నిజానికి ఆ మోడ్ వెనక్కి మార్చితే చాలు.

కొరిటెపాడు మేష్టారు
నీలం తెర ముచ్చట భలే చెప్పారు. డీటీపీ గారూ, మీరు అనులో ఏ కీబోర్డు? యాపిలా, మాడ్యులరా?

అరండల్‌పేట డీటీపీ
యాపిల్ అండీ, చేతికి అదే అలవాటు. యూనికోడ్ మ్యాటర్ పంపిస్తే మార్చుకోవడమే ఇబ్బంది.

నిడమర్రు గారూ, మీరు చెప్పిన జాబితా తెరిచా. 4570 ఎదురుగా మొట్టమొదటి వెర్షనే ఉంది. 4590 ఎదురుగా రెండు వెర్షన్ల తర్వాతది. నాది మొదటిదే. గవర్నర్‌పేట ఆయనకి ఫోన్ చేస్తే 4570 కూడా తెప్పిస్తానన్నాడు, రేటులో పెద్ద తేడా లేదు. బయోస్ జోలికి పోవట్లేదు. సెల్ మార్చేశా, ఫొటోలు తీసుకునే మార్చా. సాటా మోడ్ నిజంగానే ఐడీఈ, సెల్ తీసి పెట్టాక ఏహెచ్‌సీఐకి మారిపోయింది, మళ్ళీ వెనక్కి పెట్టుకున్నా.

గుణదల గేమర్
2018 సెక్యూరిటీ బయోస్ వదిలేస్తున్నారా? రిస్క్ మీది.

తెనాలి టెక్
ఆ మెషిన్లో నెట్ తీసేసి, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో స్కాన్ చేసి తెచ్చుకుంటే ఆ రిస్క్ ఏ మూలకి? పైగా విండోస్ 7కి రాని అప్‌డేట్ల లెక్క చూస్తే బయోస్‌ది చాలా చిన్నది. కొట్టాలనే ఉంటే మూఢం వచ్చేదాకా ఆగండి డీటీపీ గారూ, అప్పుడు శుభలేఖల పని ఎలాగూ ఉండదు. కొత్త యూపీఎస్ బ్యాటరీ వేసుకుని, ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో, విండోస్‌లోంచి కాకుండా బయోస్ లోపలున్న ఫ్లాష్ మెనూ నుంచే కొట్టండి.

రైజెన్ రాజా
గవర్నర్‌పేటలో మిగిలిపోయిన ఆ 4590 మా బావ కొంటాడు. ఆయనది హెచ్97 బోర్డు, రిఫ్రెష్ చిప్‌లకి పుట్టినప్పటి నుంచే సపోర్ట్ ఉంది. షాపు ఏ సందులో ఉందో మెసేజ్ పెట్టండి సార్, ఆదివారం తెరుస్తాడో లేదో కూడా.