మొత్తం మీద తేలని మందు, విడదీసి చూస్తే పనిచేసిందట. నమ్మాలా?

కర్నూలు_వైద్యుడు: గుండె వైఫల్యంలో ఒక రకం ఉంది. గుండె బాగానే ముడుచుకుంటుంది, కానీ సరిగా సడలదు. వీరికి స్పైరోనోలాక్టోన్ అనే మాత్ర పనికొస్తుందా అని టాప్‌క్యాట్ అనే ట్రయల్ ఆరు దేశాల్లో 3,445 మందిపై పరీక్షించింది. 2014లో ఫలితం వచ్చింది: చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత ప్రాంతాలవారీగా విడదీస్తే అమెరికా ఖండాల్లో లాభం కనిపించింది, రష్యా, జార్జియాల్లో కనిపించలేదు. నేను ఈ మాత్ర రాస్తున్నాను. తప్పంటారా?

అనంత_గణితం: తప్పనే అంటాను. ఏ గుణమూ లేని మందును ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై కోణాల్లో పరీక్షించండి, ఒక్కో పరీక్షలో పొరపాటుకు మామూలుగా ఇచ్చే 5 శాతం చొప్పున, ఎక్కడో ఒకచోట తేడా కనిపించే అవకాశం 64 శాతం. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలలో ఎంతమంది వజ్రాలు వెతికినా పేపర్లో పడేది దొరికినవాడి ఫొటోయే. 1988 నాటి ఐసిస్-2 ట్రయల్ చూడండి. గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిలో ఆస్పిరిన్ మరణాలను బాగా తగ్గించింది. పుట్టిన రాశులవారీగా విడదీస్తే మాత్రం మిథున, తులా రాశుల వారికి పనిచేయనట్టు తేలింది!

రాశిఫలం_కడప: హేళన అనవసరం. మిథునం, తుల రెండూ వాయు రాశులే. కాకతాళీయమని ఎలా తేల్చారు?

పెన్నాతీరం: కుంభం కూడా వాయు రాశే కదా స్వామీ. వారికేమైంది?

రాశిఫలం_కడప: వారు చూసింది సాయన పద్ధతిలో సూర్యరాశి. మనది నిరయనం, పైగా చంద్రరాశి. లెక్కే వేరు.

కర్నూలు_వైద్యుడు: రాశులు వదలండి. గణితం మేడం, రష్యాను ఊరికే వేరుచేయలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో ట్రయల్ లెక్కపెట్టిన ప్రమాదాలు (గుండె జబ్బుతో మరణం, ఆస్పత్రిలో చేరడం వంటివి) అమెరికా ఖండాల్లో 31.8 శాతం, రష్యా, జార్జియాల్లో 8.4 శాతమే. చేర్చుకున్నవారిలో చాలామందికి అసలా జబ్బు ఉందా? 2017లో దాచిన రక్త నమూనాలు పరీక్షిస్తే, మందు వేసుకుంటున్నామన్న రష్యా రోగుల్లో 30 శాతం మందిలో దాని ఆనవాలే లేదు. అమెరికా, కెనడాల్లో అది 3 శాతం. మింగనివారినీ కలిపి సగటు తీసి, మందు పనిచేయదంటారా?

అనంత_గణితం: ఆ రక్త పరీక్ష రష్యా లెక్కను అనుమానించడానికి చాలు. అమెరికా లెక్కను నిరూపించడానికి చాలదు. అందరికీ తెలిసిన బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌నే తీసుకోండి. 1996లో ఒక ట్రయల్‌లో, రక్తనాళాల జబ్బు లేని గుండె వైఫల్య రోగుల్లో మరణాలు తగ్గినట్టు కనిపించింది. అది ముందే విడదీసుకున్న వర్గం కూడా. అలాంటి వారితోనే రెండో ట్రయల్ చేస్తే ఆ లాభం మాయమైంది.

క్యాన్సర్_వార్డు: అన్నీ మాయం కాలేదండీ. పెద్దపేగు క్యాన్సర్‌లో కేఆర్‌ఏఎస్ అనే జన్యువు మారినవారికి సెటుక్సిమాబ్ అనే మందు పనిచేయదని తెలిసింది పాత ట్రయల్స్ కణజాలాన్ని తర్వాత పరీక్షించినందువల్లే.

అనంత_గణితం: అక్కడ జీవశాస్త్ర కారణం ఉంది, ఒకటికి నాలుగు ట్రయల్స్‌లో అదే కనిపించింది. మా నాన్నకు అలా రాయలేదు. డాక్టరు గారి బల్లమీద కంపెనీవారి రంగుల కాగితం, అందులో ఒక్క ఉపవర్గం గ్రాఫ్. మొత్తం ట్రయల్ ఓడిపోయిందన్న ముక్క లేదు. ఆ మాత్రల కోసం పొలం మీద అప్పు చేశాం.

కర్నూలు_వైద్యుడు: నన్ను కంపెనీ మనిషిని చేస్తున్నారా? నేను రాసేది పేటెంటు ఎప్పుడో తీరిన చౌక మాత్ర. దీనికి రంగుల కాగితాలు ఎవరు అచ్చు వేస్తారు?

పెన్నాతీరం: అదే కోవ మందు ఫినెరినోన్ 2024లో ఆరువేల మందిపై, ముందే రాసుకున్న ప్రశ్నకే నెగ్గింది. అది రాయవచ్చుగా?

కర్నూలు_వైద్యుడు: ధర కనుక్కోండి, తర్వాత మాట్లాడదాం. ఆలూరు నుంచి కాళ్లు వాచి, ఆయాసంతో వచ్చిన రైతు నా ముందు కూర్చున్నాడు. మేడం కోరిన ట్రయల్ జరిగేదాకా ఆగమని ఆయనకు చెప్పనా? లెక్కలు రాసుకునేవారికి ఆగడం సులువే.

అనంత_గణితం: ఆగమనలేదు. రాయండి. "ఇది పనిచేస్తుందో లేదో గట్టిగా తేలలేదు, నా ఉద్దేశంలో పనిచేయవచ్చు" అని ఆయనతో అంటున్నారా? మా నాన్నతో ఎవరూ అనలేదు. నా కోపమంతా దాని మీదే.

కర్నూలు_వైద్యుడు: అలా అంటే సగంమంది మాత్రలు మానేస్తారు. పొటాషియం పెరగవచ్చు, రక్త పరీక్ష తప్పనిసరి అని మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

అనంత_గణితం: అది మందు చేసే కీడు గురించి. మేలు మీద మీకున్న అనుమానం సంగతి నేనడిగింది.

కర్నూలు_వైద్యుడు: ఓపీలో రోగికి నాలుగు నిమిషాలు. అనుమానం ఎంతని చెప్పను?

రాశిఫలం_కడప: నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.