కాటన్ దొర ఇంటిపేరు ఏ ఊరిది?

అందరికీ నమస్కారం. మాది ధవళేశ్వరం దగ్గర పల్లె. 1852లో పూర్తయిన ఆనకట్ట నీళ్లతోనే మా తాత, నాన్న వరి పండించారు. దేవుడి పటాల పక్కనే సర్ ఆర్థర్ కాటన్ గారి ఫోటో ఉంటుంది మా ఇంట్లో. మొన్న మా అమ్మాయి దానికి బొట్టు పెడుతూ "నాన్నా, వీళ్లది పత్తి వ్యాపారమా?" అని అడిగింది. ఇన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాను.

వెతికితే తెలిసింది, రెండు మాటలకీ సంబంధమే లేదట. పత్తికి వాడే కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు మాత్రం ఊరి పేరు. పాత ఇంగ్లీషులో 'కోట్' అంటే గుడిసె, 'కోటుమ్' అంటే గుడిసెల దగ్గర. మన ఇళ్లలోనూ ఊరి పేర్లే ఇంటిపేర్లయ్యాయి కదా, చాలా దగ్గరగా అనిపించింది.

ఆయనది చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల వంశం. కానీ స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన ఒక కోటన్, ఇలా ఊళ్లు చాలా ఉన్నాయి. వీళ్ల ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది? అది తేల్చాలంటే ఏ పాత రికార్డులు చూడాలి? ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. అమ్మాయి రోజూ అడుగుతోంది.