‘మాది రిజిస్టర్డ్ వృద్ధాశ్రమం’ అంటే లైసెన్సు ఉన్నట్టేనా? (ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకి)

గుణుపురం వాసి:
మన వైపు ఏ ఆశ్రమం బోర్డు చూసినా ‘రిజిస్టర్డ్’ అనే ఉంటోంది. ఆ మాట నమ్మి మంచాన పడ్డ మనిషిని చేర్చకూడదని నా వాదన. 1860 నాటి సొసైటీల చట్టం కింద వచ్చిన కాగితం ఫలానా సంఘం ఉందని చెబుతుంది, అంతే. రాత్రి నర్సు ఉంటుందో లేదో చెప్పదు. చికిత్స, నర్సింగు ఇచ్చే చోటికి ఒడిశాలో 1990 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ అడిగి, గడువు తేదీ చూడండి.

రాయగడ మాస్టారు:
నిజమే గానీ, తన పని తాను చేసుకునే డెబ్బై ఏళ్ల మనిషికి నర్సింగ్ హోమ్ ఎందుకండీ? వేళకి తిండి, తోడు, తెలుగులో పలకరించే మనిషి చాలు. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కేంద్రం గ్రాంటు ఇచ్చే మామూలు ఆశ్రమం 25 మంది నిరుపేదలకి. మతిమరుపు జబ్బు వాళ్లకి అదే పథకంలో వేరే గృహాలున్నాయి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి వచ్చిన 2007 చట్టం 19వ సెక్షన్ చెప్పే జిల్లా ఆశ్రమంలో కనీసం 150 మందికి చోటుండాలి, అదీ పేదలకే.

బరంపురం నర్సింగ్:
మాస్టారూ, నడుచుకుంటూ చేరిన మనిషే జారిపడి తుంటి విరిగితే? చాలాచోట్ల దరఖాస్తు వెనకవైపు ‘స్వయంగా స్నానం, దొడ్డికి వెళ్లలేకపోతే బంధువులు తీసుకెళ్లాలి’ అని ఉంటుంది. సంతకానికి ముందు అది చదవాలి.

లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే మడమల మీద, నడుం కింద ఎముక మీద కందిపోతుంది. అక్కడ వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. చూడ్డానికి వెళ్లినప్పుడు దుప్పటి తీసి మడమలు చూడండి. ముక్కు గొట్టంతో తిండి, ఇన్సులిన్ మోతాదు ఆయాకి వదిలే పనులు కావు. మందుల రిజిస్టరు కూడా అడగండి. రాత్రి 9 గంటల గడిలో సాయంత్రం 5కే టిక్కు పడి ఉంటే అక్కడ చేర్చవద్దు.

పాతపట్నం నుంచి:
ఆంధ్రా వైపు తీసుకొస్తే ఇక్కడ నర్సింగ్ హోమ్‌లకి ప్రైవేటు వైద్య సంస్థల 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. విశాఖలో ‘సీనియర్ లివింగ్’ (వృద్ధుల కోసమని కట్టే) ఫ్లాటు కొనేవాళ్లు ఒకటి గమనించాలి: రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) ఇచ్చే నంబరు భవనానికే, సంరక్షణకి కాదు. దానికి వేరే ఒప్పందం రాయించుకోవాలి.

సరిహద్దు దాటితే పిల్లల మీద పోషణ కేసు వేసే హక్కు పోతుందని భయపడకండి. ఆ 2007 చట్టం 6వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లు ఉన్న జిల్లాలో గానీ, చివరగా ఉన్నచోట గానీ, పిల్లలున్న జిల్లాలో గానీ వేయవచ్చు. ఇల్లు పిల్లల పేర రాసేస్తుంటే ‘పోషించాలి’ అన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. అది లేకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించడం చాలా కష్టం. సలహాకి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

రాయగడ మాస్టారు:
దరఖాస్తు వెనక ఆ షరతు అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ విశాఖకి పంపితే వారం వారం వెళ్లి ఆ మడమలు చూసేదెవరు? వెళ్లేవాళ్లు లేనిచోట లైసెన్సున్నా నిర్లక్ష్యం వస్తుంది. నేనైతే దగ్గరి ఆశ్రమాన్నే అడిగి, ‘తీసుకెళ్లాలి’ అన్నచోట ‘30 రోజుల గడువు’ అని, ఈలోగా ఏ ఆసుపత్రిలో ఎవరి ఖర్చుతో ఉంచుతారో రాయించుకోమంటాను.

బరంపురం నర్సింగ్:
రాయించండి. కానీ ఆ 30 రాత్రులూ పక్క తిప్పేదెవరో, ఆ మనిషి పేరు కూడా రాయించండి.