స్టెప్ ఏరోబిక్స్ ఒక్కటే చేస్తే శరీరమంతటికీ వ్యాయామం అందుతుందా?

ప్రశ్న (పటమట, విజయవాడ): మా ఇంటి దగ్గర జిమ్‌లో సాయంత్రం పూట మహిళలకు స్టెప్ ఏరోబిక్స్ నేర్పుతున్నారు. అందరూ పాటకు తగ్గట్టు ఒకేసారి మెట్టులాంటి ఎత్తు పలక ఎక్కి దిగుతూ, చేతులు ఊపుతూ తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. నాకు 42 ఏళ్లు. శరీరమంతటికీ ఇది సరిపోతుందా, అడుగులు గుర్తుంటాయా, మోకాళ్లు దెబ్బతినవు కదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): అడుగుల గురించి బెంగ వద్దండి. వరుస మొత్తాన్ని ఒకేసారి చేయించరు. ముందు మామూలుగా ఎక్కి దిగే బేసిక్ స్టెప్, ఆపైన పాదాలు వెడల్పుగా వేసే వి-స్టెప్, తర్వాత మోకాలు పైకెత్తడం, ఇలా ఒక్కొక్కటీ కలుపుతూ పాట తాళానికి 32 లెక్కలు వచ్చే అడుగుల ముక్కను పూర్తి చేస్తారు. కుడికాలితో మొదలుపెట్టి చేసిన ముక్కనే మళ్లీ ఎడమకాలితో మొదలుపెట్టి చేయిస్తారు కనుక రెండు కాళ్లకూ సమానంగా పని పడుతుంది. కాళ్ల లెక్క కుదిరేదాకా చేతులు నడుము మీద పెట్టుకోండి.

జవాబు (మొగల్రాజపురం, విజయవాడ): ఈ వ్యాయామాన్ని 1980ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా శిక్షకురాలు జిన్ మిల్లర్, తన మోకాలి గాయం నుంచి కోలుకోవడానికి ఎక్కి దిగడం సాధన చేస్తూనే దీన్ని రూపొందించారు. అయినా జాగ్రత్త అవసరమే. 4 అంగుళాల ఎత్తుతో మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు మోకాలు 90 డిగ్రీలకు మించి వంగుతోందంటే పలక మీకు ఎత్తయినట్టే. మడమ గాలిలో ఉండకుండా పాదమంతా పలక మీద ఆనాలి. దిగేటప్పుడు పలకకు దగ్గరగా, ముందు మునివేళ్లు, తర్వాత మడమ నేలకు తగలాలి తప్ప కిందికి దూకకూడదు. ఇప్పటికే నొప్పి ఉంటే మాత్రం ఎముకల వైద్యుణ్ణి అడిగాకే చేరండి.

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు): మీ మొదటి సందేహానికి నా సమాధానం: ఇది ఒక్కటే చాలదు. తొడలకు, పిరుదులకు, పిక్కలకు, గుండెకు, ఊపిరితిత్తులకు ఇది చక్కని వ్యాయామమే గానీ, ఊరికే చేతులు ఊపినంత మాత్రాన భుజాలకు, వీపుకు బలం రాదు. అలాగని డంబెల్స్ పట్టుకుని పలక ఎక్కడం భుజాలకు మంచిది కాదు. అడుగులు ముగిశాక పలకనే బల్లగా వాడుకుని డంబెల్స్, పుష్-అప్స్, పొట్ట వ్యాయామాలు చేయించే తరగతులున్నాయి. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, మీ జిమ్‌లో ఆ భాగం ఉందో లేదో ఫీజు కట్టకముందే అడగండి.