‘గ్లోబల్ గవర్నెన్స్’కు ‘పాలన’ చాలునా? గురజాడ పాదంలో ‘పొరుగువాడికి’యా, ‘పొరుగువారికి’యా?

అనువాదకురాలు, విజయవాడ:
సభ్యులకు నమస్కారం. అంతర్జాతీయ విధానాలపై పనిచేసే ఒక మేధోసంస్థ పత్రానికి తెలుగు సంగ్రహం రాస్తున్నాను. అందులో ‘గ్లోబల్ గవర్నెన్స్’ అడుగడుగునా వస్తోంది. ‘ప్రపంచ పాలన’ అని రాస్తే భూమండలమంతటికీ ఒకే ప్రభుత్వం రాబోతోందని చదువరి అనుకునే ప్రమాదముంది. స్వీడన్ నేత ఇంగ్వార్ కార్ల్‌సన్, గయానాకు చెందిన శ్రీదత్ రాంఫాల్ సహాధ్యక్షులుగా ఉన్న ‘కమిషన్ ఆన్ గ్లోబల్ గవర్నెన్స్’ అనే సంఘం 1995లో ఇచ్చిన నివేదిక, తాము ప్రపంచ ప్రభుత్వాన్ని కోరడం లేదని స్పష్టంగా చెప్పింది. వ్యక్తులూ, ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలూ తమ ఉమ్మడి వ్యవహారాలను చక్కబెట్టుకునే అనేక మార్గాల మొత్తమే గవర్నెన్స్ అని అది నిర్వచించింది. ఆ నివేదిక పేరులోనే ప్రపంచమంతా ఒక ఇరుగుపొరుగు అన్న భావం ఉంది కనుక, శీర్షిక కింద గురజాడ పాదం పెట్టాలనిపించింది. ‘సొంత లాభం కొంత మానుకొని’ వరకు గుర్తుంది. తర్వాత ‘పొరుగువాడికి’యో ‘పొరుగువారికి’యో తేలక రెండు రోజులుగా మనసు పీకుతోంది.

విశ్రాంత తెలుగు లెక్చరర్, తెనాలి:
అమ్మా, ముందు ‘మానుకొని’ని దిద్దుకోండి, అది ‘మానుకు’. గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సుది మూడు, నాలుగు మాత్రల నడక. సొంత, లాభం, కొంత, మానుకు అని చదివితే మూడు, నాలుగు, మూడు, నాలుగుగా పాదం ఒద్దికగా కూర్చుంటుంది. ‘మానుకొని’ అంటే చివర ఐదు మాత్రలై నడక కుంటుతుంది. ఇక ‘వాడికి’, ‘వారికి’, ‘వానికి’ మూడూ నాలుగేసి మాత్రలే కనుక అక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు. మా బడి గోడ మీద నీలిరంగు అక్షరాలతో ‘వారికి’ అనే ఉండేది.

ఛందోభిమాని, విజయనగరం:
మాస్టారూ, బడి గోడలు మర్యాద కోసం కవులను దిద్దుతాయి. ‘తోడుపడవోయ్’ అని భుజం మీద చెయ్యి వేసి పిలిచే గొంతుకు ‘వాడికి’ పొసగినట్టు ‘వారికి’ పొసగదు. పైగా ‘దేశమంటే మనుషులోయ్’ అన్న కవికి పొరుగు అంటే సరిహద్దుకు అవతలి సర్కారు కాబోదు, గోడకు అవతలి మనిషే అయి ఉండాలి. భద్రత అంటే రాజ్యాల భద్రత ఒక్కటే కాదనీ, మనిషి తిండి, ఆరోగ్యం, బతుకుతెరువు కూడా అందులో భాగమనీ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994 మానవాభివృద్ధి నివేదికలో రాసింది. ఆ ఏకవచనంలో ఉన్నది ఆ మనిషేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సభ్యుడు, రాజమహేంద్రవరం:
‘గవర్నెన్స్’ను కూడా కాస్త పట్టించుకుందాం. దాని మూలం గ్రీకులో నావ నడపడం. గోదావరి లాంచీలో సరంగు చుక్కాని పట్టుకొని, ఇసుక మేటలు కనిపెడుతూ, ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పడం మనం చూసినదే. అందుకని ‘నడుపుదల’ అనే అచ్చతెలుగు మాటను ప్రతిపాదిస్తున్నాను. ‘పాలన’లో కూడా మన ‘పాలు’, అంటే వాటా, దాగి ఉందేమోనని నా అనుమానం.

విశ్రాంత తెలుగు లెక్చరర్, తెనాలి:
ఆ అనుమానం నిలవదు. ‘పాలన’ రక్షించడమనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన తత్సమం, వాటా అన్న ‘పాలు’ దేశ్యం. సరంగు ఉపమానం అందంగానే ఉంది గాని, లాంచీకి సరంగు ఒక్కడే. భద్రతామండలిలో ఐదు శాశ్వత సభ్యదేశాలలో ఏ ఒక్కటి వీటో వేసినా చుక్కాని కదలదు. ఒక్క సరంగూ లేని పడవ ఎలా సాగుతుందన్నదే గ్లోబల్ గవర్నెన్స్ పరిశోధకుల ప్రశ్న. ‘సుపరిపాలన’ (గుడ్ గవర్నెన్స్) వైపు అసలు వెళ్ళకండి. ఆఫ్రికా సంక్షోభాన్ని ప్రపంచ బ్యాంకు 1989 నివేదిక గవర్నెన్స్ సంక్షోభమని పిలిచిన తరువాత, రుణమిచ్చేవారు తీసుకునేవారికి పెట్టే షరతుల వాసన ఆ మాటకు అంటుకుంది.

సభ్యురాలు, డల్లాస్:
సరంగు లేకుండా సాగిన పడవ ఒకటుంది. మా అమ్మమ్మ తెనాలి నుంచి రాసిన ఉత్తరం మీద ఉన్నవి భారతదేశపు స్టాంపులే, దాన్ని మా గుమ్మం దాకా తెచ్చింది అమెరికా పోస్ట్‌మాన్. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కుదిరిన అంతర్జాతీయ తపాలా ఒప్పందం ప్రకారం ఏ దేశం స్టాంపు డబ్బు ఆ దేశమే ఉంచుకొని, బయటినుంచి వచ్చిన ఉత్తరాలను ఉచితంగా పంచేది. భారతదేశం 1876లోనే అందులో చేరింది. ‘కొంత మానుకు’ అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్య నాకు తెలియదు. పంచిపెట్టే దేశానికి పంపే దేశం సొమ్ము చెల్లించాలని, ఆ ఒప్పందంతో ఏర్పడిన తపాలా సంఘం 1969 టోక్యో మహాసభలో నిర్ణయించింది. చైనా నుంచి వచ్చే చిన్న పొట్లాలకు ఆ రేటు మరీ తక్కువగా ఉందని 2018లో అమెరికా ఆ సంఘం నుంచి వైదొలగుతానని నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో రాజీ కుదిరింది. కనుక బరువంతా ‘కొంత’ మీదే ఉంది. గురజాడ ‘అంతా మానుకు’ అనలేదు. ఎంత మానుకోవాలన్న బేరమే గవర్నెన్స్.

ఛందోభిమాని, విజయనగరం:
అమ్మా, ‘కొంత’ గురించి మీరన్నది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ప్రాసలా వినిపించే ‘సొంత’, ‘కొంత’ జంట కోసమే ఆ మాట పడిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అయినా బేరం ఇద్దరు మనుషుల మధ్య జరిగేదే కనుక ‘వాడికి’ పక్షాన్ని వదులుకోను.

అనువాదకురాలు, విజయవాడ:
అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతానికి మొదటిసారి వచ్చినచోట ‘ప్రపంచ వ్యవహారాల ఉమ్మడి నిర్వహణ’ అని రాసి, ఆపైన ‘ఉమ్మడి నిర్వహణ’ అని కుదిస్తున్నాను. ‘నిర్వహణ’లో మోయడమనే ధాత్వర్థం ఉంది కనుక బరువు పంచుకోవడమన్న భావం కొంతైనా నిలుస్తుందని ఆశ. పాదంలో ‘వాడికి’ ఉంచాను.

విశ్రాంత తెలుగు లెక్చరర్, తెనాలి:
ఉంచండి, కాని పాత ముద్రణ ఒకటి చూసేదాకా నేను ఒప్పుకోను. అన్నట్టు, మీరు ‘సొంత లాభం’ అని రాశారు. నేను చదివిన ప్రతిలో ‘స్వంత’ అని ఉన్నట్టు జ్ఞాపకం. మాత్రలు రెండింటికీ సమానమే.