వెసెక్స్ మూలపురుషుడు చెర్డిక్ అసలు సాక్సనేనా?

చరిత్రపిచ్చి: వెసెక్స్ (దక్షిణ ఇంగ్లండ్‌లోని పాత సాక్సన్ రాజ్యం) ఏలిన తొమ్మిదో శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు గురించి చదువుతూ వెనక్కి వెళ్లి వెళ్లి ఇక్కడ ఇరుక్కుపోయాను. ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ (ఏ ఏడు ఏం జరిగిందో వరసగా రాసిన పాత ఇంగ్లీషు చరిత్ర) ప్రకారం చెర్డిక్, కొడుకు కున్రిక్ 495లో ఐదు ఓడలతో దక్షిణ తీరంలో దిగి, అప్పటికే అక్కడున్న స్థానికులు బ్రిటన్లతో కొట్లాడి, 519లో రాజ్యానికొచ్చారు. బాగానే ఉంది. కానీ చెర్డిక్ అన్నది సాక్సన్ల లాంటి జర్మానిక్ తెగల పేరు కాదట, బ్రిటన్ల పేరట! సముద్రం దాటి వచ్చినవాడికి ఇక్కడివాళ్ల పేరేంటండీ?

రేవుకాడ: క్రానికల్‌ని మరీ అంత నమ్మకండి, అది కూర్చింది ఆల్ఫ్రెడ్ కాలంలో, అంటే నాలుగొందల ఏళ్ల తర్వాత. 501 కింద చూడండి, పోర్ట్ అనే ఆయన ఇద్దరు కొడుకులతో వచ్చి పోర్ట్స్‌మత్‌లో దిగాడట. లాటిన్‌లో పోర్టుస్ అంటే రేవు, దాన్ని మనిషిని చేసేశారు, అచ్చం స్థలపురాణం. ఇంకో తమాషా, చెర్డిక్ దిగిన చోటు పేరు 'చెర్డిక్ ఒడ్డు'. 514లో మళ్లీ అదే ఒడ్డుకి ఇంకో మూడు ఓడలు. మధ్యలో 19 ఏళ్లు, ఈస్టర్ పండగ తేదీల పట్టికల చక్రం కూడా సరిగ్గా 19 ఏళ్లే, ఏడాది సంగతులు ఆ పట్టికల పక్కనే రాసుకునేవారు. ఒకే కథ రెండుసార్లు ఎక్కిందని చాలామంది చరిత్రకారుల మాట.

పాతరాతలు: పైన చెప్పింది కరెక్టే, కానీ అసలు కిటుకు భూమిలో ఉంది. తొలి సాక్సన్ సమాధులు దట్టంగా దొరికేది థేమ్స్ ఎగువన, డార్చెస్టర్ చుట్టుపక్కల. వెసెక్స్ రాజు కునెగిల్స్ 635 ప్రాంతంలో బాప్తిస్మం తీసుకుని, బిషప్ బిరినస్‌కి ఇచ్చింది కూడా ఆ ఊరే. వెస్ట్ సాక్సన్లని, అంటే వెసెక్స్ వాళ్లని, పూర్వం గెవిస్సే అనేవారని ఎనిమిదో శతాబ్దపు సన్యాసి చరిత్రకారుడు బీడ్ రాశాడు. దక్షిణ తీరంలో, దాని ఎదురుగా ఉన్న వైట్ ద్వీపంలో ఉన్నది జూట్లు అనే వేరే జర్మానిక్ తెగ అనీ ఆయనే చెప్పాడు. ఆ ద్వీపాన్ని వెసెక్స్ రాజు కాడ్వాలా పట్టుకుంది 686లో. మరి క్రానికల్ ఏమో 530లోనే చెర్డిక్ గెలిచాడంటుంది! నన్నడిగితే రాజ్యం పెరిగింది ఉత్తరం నుంచి దక్షిణానికి, కథ మాత్రం తిరగేసి చెప్పుకున్నారు, కొత్తగా పట్టుకున్న తీరం తాతల నాటిదే అనిపించుకోడానికి.

చరిత్రపిచ్చి: అబ్బో! మరి పేరు సంగతో?

పాతరాతలు: కాడ్వాలా కూడా బ్రిటన్ల పేరే కదండీ. చెర్డిక్ తల్లి బ్రిటన్ల వైపు మనిషై ఉండొచ్చు, లేదా చెర్డికే స్థానిక దొర అయ్యుండొచ్చు. కాడ్వాలా తర్వాత వెసెక్స్ ఏలిన ఇనే రాజు చట్టాల్లో ఐదు హైడ్ల (హైడ్ అంటే ఒక కుటుంబానికి సరిపడా పొలం) భూమి ఉన్న బ్రిటన్‌ని చంపితే కట్టాల్సిన వెల 600 షిల్లింగులు, సాక్సన్ దొరకైతే 1200. సగమే, నిజమే, కానీ భూమున్న బ్రిటన్లు ఆ రాజ్యంలోనే ఉన్నారన్నమాట.